మెట్రిక్ రెండుసార్లు తప్పారు.. కండరం గుట్టు విప్పారు

తెల్లవారుజామున నెల్లిమర్ల చుట్టుపక్కల రోడ్ల మీదకు వస్తే పరుగు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. కొందరిది కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్ష, కొందరిది అగ్నివీర్ ర్యాలీ. 100 మీటర్ల పరుగు ఒక ఎత్తు, 1600 మీటర్లు మరో ఎత్తు. వందలో కాళ్లు మంటెక్కేలోపే గీత దాటేస్తాం. 1600లో మూడో రౌండుకే పిక్కలు బరువెక్కుతాయి, ఊపిరి అందదు. ఒంట్లో లాక్టిక్ ఆమ్లం చేరిపోయిందని పక్కవాళ్లు చెబుతుంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగాన్ని బయటపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన తెలుగువాడు ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క లైనులో ఉంటుంది. టెట్రాసైక్లిన్ అనో, ఫోలిక్ ఆమ్లం అనో పక్కన రాసి ఉంటుంది. బిట్టు కోసం అది చాలు. కానీ హార్వర్డ్‌లో ఆయన తొలి ఏళ్లు ఒక ప్రశ్న చుట్టూ తిరిగాయి. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడిది, ఆ లెక్కలో ఆమ్లం పాత్ర ఎంత? ఈరోజు నాడీకణాల మీద పరిశోధన చేసేవాళ్లు కూడా ఆ ప్రశ్నకు దగ్గరి చుట్టాన్నే పట్టుకుని ఉన్నారు. అందుకే ఆయన కథను మందుల జాబితాగా కాకుండా ఇటువైపు నుంచి చెప్పుకోవాలి.

అరటిపళ్ల బేరం

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రికి రెవెన్యూలో చిన్న ఉద్యోగం, ఆరోగ్యం అంతంతమాత్రం, ఇంట్లో పిల్లలు ఎక్కువ. పదమూడేళ్ల వయసులో సుబ్బారావుకు ఒక ఆలోచన వచ్చింది. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని బంధువుల పిల్లాడిని వెంటపెట్టుకుని ఇల్లు వదిలేశారు. ఎంతో దూరం పోకుండానే దొరికిపోయారు. తల్లి వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

బడి మాత్రం ఆయనకు సులువుగా లొంగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. ఈలోగా తండ్రి కన్నుమూశారు. వెంకమ్మ ఒంటి మీది బంగారం అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడ హిందూ హైస్కూల్లో చదివి మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మనసు రామకృష్ణ మిషన్ వైపు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ససేమిరా అంది. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, వైద్యం చదివితే అదీ సేవే కదా. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి అనే పెద్దమనిషి సాయం చేశారు. ఆయన కూతురు శేషగిరినే 1919లో సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

ఖద్దరు గౌనుకు పడిన ధర

స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగానే రాసినా, చివరికి సుబ్బారావు చేతికి వచ్చింది ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికంటే ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో మద్రాసు మెడికల్ సర్వీసులో చేరాలన్న ప్రయత్నం ఫలించలేదు. ఈ పేజీ చదివేవాళ్లకు ఆ బాధ విడిగా చెప్పక్కర్లేదు. కాగితం మీద ఒక అక్షరం తేడా వస్తే దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో అందరికీ తెలుసు.

ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పని దొరికింది. ఆ కాలంలోనే ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో ఒకే జబ్బుతో చనిపోయారు. దాని పేరు ట్రాపికల్ స్ప్రూ. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం తగ్గిపోయి, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందే లేదు. సుబ్బారావుకూ అది సోకింది. లక్ష్మీపతి వైద్యంతో ఆయన మాత్రం బయటపడ్డారు.

ఇక ఇక్కడ ఉండి లాభం లేదనుకున్నారు. మామగారు కొంత, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత డబ్బు సర్దితే ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరారు. ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌కు అక్కడ డాక్టరుగా గుర్తింపు లేదు. రాత్రిపూట ఆస్పత్రిలో పోర్టరుగా చేరి రోగుల బెడ్‌పాన్లు కడిగారు. పగలు చదువు. ఆయన వచ్చేశాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను సుబ్బారావు చూడనే లేదు. భార్యను కూడా మళ్లీ కలవలేదు. త్వరలో వచ్చేస్తాననుకున్న మనిషి ఇండియా తిరిగి రానేలేదు. ఆయన్ని పొగిడే వ్యాసాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి. శేషగిరి వైపు నుంచి చూస్తే అది ఒక వాక్యం కాదు, ఒక జీవితం.

నీలం రంగు ఎందుకు ఆలస్యమైంది?

హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర సుబ్బారావుకు చోటు దొరికింది. మొదట అప్పజెప్పిన పని పైకి చాలా చప్పగా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కావాలి. ద్రవంలో ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ వేస్తే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుంది. తర్వాత ఇంకో రసాయనం చేర్చితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ రికార్డులో సీరం ఫాస్ఫరస్ ప్రయోగం రాసినవాళ్లందరూ ఆయన పేరును తమ చేత్తో రాసే ఉంటారు, చాలామంది గమనించి ఉండరు. నెల్లిమర్లలోనే మహారాజా వైద్య కళాశాల ఉంది కాబట్టి ఆ రికార్డు ఎలా ఉంటుందో చూడాలనుకుంటే తెలిసిన మెడికో ఎవరినైనా అడగొచ్చు.

ఈ పద్ధతిని కండరం మీద వాడినప్పుడు ఒక చిక్కు వచ్చింది. రంగు వెంటనే రావాలి కదా, కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం నెమ్మదిగా, నిమిషం నిమిషానికీ చిక్కబడుతూ వచ్చింది. ఇంకొకరైతే పద్ధతిలో లోపం ఉందనుకుని, చాలినంత సేపు ఆగి, చివరి అంకె రాసుకుని వెళ్లిపోయేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ద్రవంలో ఇంకేదో ఉంది, అది విరుగుతూ ఫాస్ఫేట్‌ను కొంచెం కొంచెంగా వదులుతోంది అని అర్థమైంది. దాన్ని విరగ్గొడుతున్నది ఎవరు? పరీక్ష కోసం వాళ్లే వేసిన ఆమ్లం, మాలిబ్డేట్!

అంతకుముందు కండరాన్ని పరీక్షించినవాళ్లూ ఆమ్లం వాడారు. ఆ పదార్థం ఆమ్లంలో నిలవదు. కాబట్టి వాళ్లు కొలిచేసరికే అది విరిగిపోయి మామూలు ఫాస్ఫేట్‌లా కనిపించేది. ఉన్నదాన్ని వెతికే పనిముట్టే దాన్ని మాయం చేస్తోందన్నమాట. హార్వర్డ్ జంట దాన్ని విడదీసి చూస్తే ఒక ఫాస్ఫేట్‌కు ఒక క్రియాటిన్ అతుక్కుని ఉంది. ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు పెట్టారు. కండరం బిగిసి పనిచేస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతుంది. 1927లో సైన్స్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. అదే సంవత్సరం ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు. దాని రసాయన రూపం తేల్చింది మాత్రం ఫిస్కే, సుబ్బారావు.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అప్పటి వాతావరణం తెలియాలి. అలసిన కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని, ఆక్సిజన్ తగిలితే తగ్గుతుందని 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ చూపించారు. తర్వాత ఆర్కిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ కండరంలో వేడికీ ఆక్సిజన్‌కీ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న లెక్కలు తేల్చి 1922 నోబెల్ అందుకున్నారు. కండరాన్ని బిగించేది ఆ ఆమ్లమే అన్నది అప్పటి నమ్మకం. ఫాస్ఫోక్రియాటిన్ ఆ నమ్మకానికి మొదటి బీట. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ ఇంకో దెబ్బ కొట్టారు. లాక్టిక్ ఆమ్లం తయారవకుండా విషం పెట్టిన కండరం కూడా కాసేపు చక్కగా బిగుసుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతసేపు. నోబెల్ వచ్చిన సిద్ధాంతం పదేళ్లు తిరక్కుండానే పక్కకు జరిగింది. హిల్ స్వయంగా 1932లో దీన్ని విప్లవంగా ఒప్పుకుంటూ వ్యాసం రాశారు.

మళ్లీ 100 మీటర్ల పరుగుకు వద్దాం. మొదటి కొన్ని సెకన్లకు కావాల్సిన శక్తిలో పెద్దభాగం ఈ ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ నుంచే వస్తుంది. అది విరిగి ఏటీపీని నింపేటప్పుడు ఒక ప్రోటాన్‌ను, అంటే ఆమ్లత్వాన్ని కలిగించే కణాన్ని మింగేస్తుంది. కాబట్టి మొదట్లో కండరం ఆమ్లం వైపు కాదు, కొంచెం క్షారం వైపే వెళ్తుంది! ఆ నిల్వ అయిపోయాక గ్లూకోజ్‌ను హడావుడిగా విరగ్గొట్టాల్సి వస్తుంది, అప్పుడు మొదలవుతుంది ఆమ్లం పేరుకోవడం. పరుగు మర్నాడు వచ్చే నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణం కాదన్నది ఇంకో సంగతి. అది గంట రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్లిపోతుంది.

ఏటీపీ అన్నాం కదా. అదీ ఆ గదిలోంచే వచ్చింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేసి ప్రకటించారు. అదే ఏడాది కాస్త ముందుగా జర్మనీలో కార్ల్ లోమన్ ప్రకటించారు. అందుకే చాలా పుస్తకాల్లో లోమన్ పేరొక్కటే ఉంటుంది. పరీక్షలో ఆప్షన్లు చూసి రాయండి, కానీ ముగ్గురి పేర్లూ గుర్తుంచుకోండి.

సోడియం తలుపు దగ్గర ప్రోటాన్

ఏటీపీ ఏం చేస్తుందో పూర్తిగా అర్థమవడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. అందులో ఒక ముఖ్యమైన భాగం నాడులది. నాడీకణం బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ, తేడా పదింతల దాకా ఉంటుంది. కణం పొరలో సోడియం చానళ్లనే సన్నని తలుపులుంటాయి. సంకేతం వస్తే అవి తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. అదే నాడీ స్పందన. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడి మీద ప్రయోగాలు చేసి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో దీన్ని లెక్కలతో సహా నిరూపించారు. లోపలికి వచ్చిన సోడియంను బయటకు తోడేసే పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ పీత నాడుల్లో కనుక్కున్నారు. ఆ పంపు తాగే పెట్రోలు ఏటీపీయే. ఒక ఏటీపీకి మూడు సోడియంలు బయటకు, రెండు పొటాషియంలు లోపలికి. మీరు ఈ లైను చదువుతున్నప్పుడు కూడా మెదడు ఖర్చు చేసే శక్తిలో పెద్దవాటా ఈ తోడకానికే పోతుంది.

ఇక్కడ ఆమ్లం మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కప్ప నాడుల మీద 1968లో బెర్టిల్ హిల్లే, 1973లో ఆన్ వుడ్‌హల్ చేసిన పరిశోధనల్లో ఒక విషయం తేలింది. చుట్టూ ఉన్న ద్రవంలో ఆమ్లత్వం పెరిగితే ప్రోటాన్లు సోడియం తలుపు నోట్లోకి దూరి అడ్డం పడతాయి. అక్కడ సోడియంను ఆకర్షించే రుణావేశం ఉన్న చోటు ఒకటుంది. ప్రోటాన్ వచ్చి దానికి అతుక్కుంటే సోడియంకు దారి ఉండదు. దీనితోపాటు పొర బయటి ఆవేశం కూడా మారిపోయి, తలుపు తెరుచుకోవాలంటే మామూలుకంటే గట్టిగా తట్టాల్సి వస్తుంది.

అంకెలు చూస్తే భయం తగ్గుతుంది. రక్తం పీహెచ్ 7.4. సగం చానళ్లు మూసుకోవాలంటే పీహెచ్ దాదాపు 5.4కు పడాలి. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ప్రోటాన్లు పదింతలైనట్టు, అంటే రెండంకెలకు వందింతలు. గట్టిగా పరుగెత్తినప్పుడు కండరం లోపల 6.5 దగ్గరికి రావొచ్చు. అంత ఆమ్లం తలుపుల దగ్గర ఉన్నా మూతపడేవి పదో వంతు లోపే. కాబట్టి 1600 మీటర్లలో కాళ్లు మొరాయించడానికి ఇదొక్కటే కారణమని చెప్పడం తప్పు.

మరి ఆ మంట ఎక్కడిది? నాడుల్లో ఆమ్లాన్ని పసిగట్టే వేరే చానళ్లు ఉన్నాయి. వాటిలో మొదటిదాని జన్యువును 1997లో ఫ్రాన్స్‌లో లాజ్‌డున్‌స్కీ బృందం పట్టుకుంది. ప్రోటాన్ తగిలితే ఇవి మూసుకోవు, తెరుచుకుంటాయి. వీటిలోంచి లోపలికి వచ్చేదీ సోడియమే. ఒకే ఆమ్లం ఒక సోడియం తలుపును మూస్తుంది, ఇంకోదాన్ని తెరిచి నొప్పి కబురు పంపుతుంది.

చీము పట్టిన పన్ను పీకించుకున్నవాళ్లకు ఇంకో అనుభవం ఉంటుంది, మత్తు ఇంజెక్షన్ ఇచ్చినా సరిగ్గా మొద్దుబారదు. లిగ్నోకైన్ పనిచేసేది సోడియం చానల్‌ను లోపలి నుంచి మూసి. లోపలికి వెళ్లాలంటే ఆవేశం లేని రూపంలో పొర దాటాలి. మామూలు పీహెచ్‌లో మందులో నాలుగో వంతు ఆ రూపంలో ఉంటుంది. చీము వల్ల పీహెచ్ 6.4కు పడితే మిగిలేది వందకు మూడు వంతులే. మందు తలుపు బయటే నిలబడిపోతుంది. నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో బయోఎనర్జెటిక్స్, అయాన్ చానళ్లు, నాడీ స్పందన వేర్వేరు యూనిట్లలో కనిపిస్తాయి. వాటిని ఇలా ఒకే తాడున కట్టి చదివితే అప్లికేషన్ ప్రశ్నలకు పనికొస్తుంది. ఫార్మా క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాల కోసం పైడిభీమవరం వైపు చూస్తున్న కెమిస్ట్రీ విద్యార్థులు ఇందులో లిగ్నోకైన్ లెక్కను సొంతంగా ఒకసారి వేసి చూడండి. దాని పీకేఏ 7.9 అనుకుంటే చాలు.

హార్వర్డ్ పొమ్మంది

సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత పదేళ్లు హార్వర్డ్‌లో పనిచేసినా శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పేరు కోసం పోట్లాడే స్వభావం ఆయనది కాదు. అదే గదిలో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ తీసుకున్నారంటే ఆ ప్రయోగశాల స్థాయి ఊహించుకోవచ్చు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి పూర్తిగా మారిపోయి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. విశ్వవిద్యాలయంలో దొరకనిది కంపెనీలో దొరికింది, చేతినిండా మనుషులు, పరికరాలు, డబ్బు.

ఆ ఎనిమిదేళ్లలో వచ్చిన ఫలితాలు ఒక మనిషి జీవితానికి ఎక్కువే. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనిచేస్తుందని వైద్యులు తేల్చారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు వచ్చేసరికి పాతికేళ్లు గడిచాయి. ఇప్పుడు అదే ఫోలిక్ ఆమ్లం ఐరన్ మాత్రలతో కలిపి అంగన్‌వాడీల్లో, కాలేజీల్లో అమ్మాయిలకు ఇస్తున్నారు.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా అదే బృందం చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ పిల్లలకు ఏ మందూ పనిచేసేది కాదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నది కూడా ఆయన నడిపిన విభాగంలోనే. అది 1948లో బయటకు వచ్చింది. ఆ ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. గుండె కండరానికి రక్తం ఆగిపోతే మొదటి నిమిషాల్లో ఖర్చయిపోయేది ఆయన కనుక్కున్న ఫాస్ఫోక్రియాటినే.

మన తపాలా శాఖ 1995లో, శతజయంతికి, ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఉత్తరాంధ్రకు మాత్రం ఆయన ఇంకో దారిలో ఎప్పుడో వచ్చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. దానికి మందు వెతుకుతూ లెడర్లీలో సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్‌ను తెచ్చింది. డీఈసీ అంటే అదే. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదని పెద్దవాళ్లు చెబుతారు కదా, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఆల్బెండజోల్‌తో కలిపి మింగించిన మాత్ర ఇదే. పదిహేనేళ్లు దాటినవాళ్లకు 100 మిల్లీగ్రాములవి మూడు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు రెండు, రెండు నుంచి అయిదేళ్లవాళ్లకు ఒకటి. గర్భిణులకు ఇవ్వరు. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. ఒంట్లో పురుగులున్నవాళ్లకు మాత్ర పడగానే కాస్త జ్వరం, తలనొప్పి రావొచ్చు. అవి పురుగులు చస్తున్న గుర్తులు, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి.